ఆటలో నాణేలు – బజారులో బేరాలు

"మా వాడు డైమండ్లు అమ్ముతున్నాడండీ!" అని పూర్వం ఏ తల్లైనా అంటే, ఆ ఇంట్లో వజ్రాల వర్తకం ఉంది కాబోలు అనుకునేవాళ్ళం. ఇప్పుడు మన సెమిలిగుడ, సునాబెడ, దమన్‌జోడి వీధుల్లో ఆ మాట అనేవాళ్ళు ప్లస్ టూ, డిప్లొమా చదివే కుర్రాళ్ళు. వాళ్ళ దగ్గర వజ్రమూ ఉండదు, తూచే త్రాసూ ఉండదు. ఉండేదల్లా ఒక సెల్‌ఫోను, అందులో ఒక ఆట. ఆ ఆటలో మాత్రమే చెల్లే డబ్బును నిజం రూపాయలకు అమ్మడమే ఈ కొత్త వ్యాపారం.

మన పత్రికలో పండుగలూ, పిండివంటలూ, పిల్లల చదువులూ చదివే పాఠకులకు ఈ గొడవ ఎందుకంటారా? ముప్పై ఏళ్ళుగా బ్యాంకు కౌంటరుకు ఇవతలా అవతలా మనుషుల్ని చూస్తున్నవాణ్ణి. ఈ మధ్య తండ్రులు నా దగ్గరకు తెచ్చే చిక్కుల్లో ఇదొకటి. పిల్లవాడికి ఆట తెలుసు గాని డబ్బు తెలియదు. తండ్రికి డబ్బు తెలుసు గాని ఆట తెలియదు. ఇద్దరికీ మధ్య ఉన్న ఆ సందులోనే నష్టం జరుగుతోంది. అందుకే నాకు తెలిసినంతలో ఈ సంగతి మొదటినుంచీ చెబుతాను.

చిల్లిగవ్వ చెప్పే పాఠం

"చేతిలో చిల్లిగవ్వ లేదు" అంటాం. గవ్వ ఒకప్పుడు నిజంగానే డబ్బు. ఒడిశాలో కటకం, ఖుర్దా ప్రాంతాల్లో పంతొమ్మిదో శతాబ్దం మొదటి వరకు సామాన్యుల లావాదేవీలు గవ్వలతోనే సాగేవి. మాల్దీవుల సముద్రంలో దొరికిన గవ్వలు ఓడలమీద ఇక్కడికి వచ్చేవి. 1803లో ఆ ప్రాంతాన్ని పట్టుకున్న ఇంగ్లీషు కంపెనీవారు శిస్తు వెండి రూపాయల్లోనే కట్టాలన్నారు. దాంతో గవ్వ విలువ పడిపోయింది. రైతు ఇంట్లో బస్తాడు గవ్వలున్నా శిస్తు కట్టలేని స్థితి వచ్చింది. 1817 నాటి పాయికల తిరుగుబాటుకు చరిత్రకారులు చెప్పే కారణాల్లో ఇదీ ఒకటి. (మన కోరాపుట్ అప్పట్లో జయపురం సంస్థానంలో ఉండేది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రంలోదే.)

దీనివల్ల తేలేదేమిటి? డబ్బు విలువ ఆ వస్తువులో లేదు. దాన్ని ఎవరు పుచ్చుకుంటారు, ఎవరు కాదనగలరు అన్నదాంట్లో ఉంది. గవ్వను కాదన్నది సర్కారు. ఆటలోని నాణేన్ని కాదనగలిగింది ఆ ఆట నడిపే కంపెనీ. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ఆటలోకి అంగడి ఎలా వచ్చింది?

వేలాదిమంది ఒకే ఆటలో ఒకేసారి కలిసి ఆడే పద్ధతి 1997లో వచ్చిన 'అల్టిమా ఆన్‌లైన్', 1999లో వచ్చిన 'ఎవర్‌క్వెస్ట్' వంటి ఆటలతో బాగా వ్యాపించింది. ఆటలో రాక్షసుల్ని చంపితే నాణేలు వస్తాయి. ఆ నాణేలతో కత్తులూ కవచాలూ కొనుక్కోవచ్చు. కాని అవి కూడబెట్టాలంటే గంటలకు గంటలు కూర్చోవాలి. డబ్బుండి తీరిక లేనివాడు ఒకవైపు, తీరికుండి డబ్బు లేనివాడు ఇంకొకవైపు. ఈ ఇద్దరూ ఎక్కడ కలిస్తే అక్కడ బజారు పుట్టక మానదు. 'ఈబే' అనే వేలం సంస్థలో ఆట నాణేలు డాలర్లకు అమ్ముడుపోవడం మొదలయింది.

ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా అనే అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు 2001లో ఈ ఎవర్‌క్వెస్ట్ లెక్కలు కట్టాడు. ఆటలోని ఒక ప్లాటినం నాణెం బయట సుమారు ఒక సెంటు పలుకుతోందనీ, ఆడేవాడు గంటకు మూడున్నర డాలర్ల దాకా గిట్టించుకుంటున్నట్టనీ తేల్చాడు. ఆ ఊహాలోకపు తలసరి ఉత్పత్తి రష్యాకూ బల్గేరియాకూ మధ్య ఉందని ఆయన చెబితే లోకం నవ్వింది, తర్వాత ఆలోచించింది. 2007 జనవరిలో ఈబే ఇలాంటి సరుకుల వేలాన్ని ఆపేసింది. వాటికి సొంతదారు ఎవరన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు లేకపోవడమే అందుకు కారణం. బజారు మాత్రం ఆగలేదు. వేరే వీధికి మారింది.

వంద నాణేలకు ఎవరికెంత?

ఈ వ్యాపారంలో లాభం ఎవరిది అన్నది అసలు ప్రశ్న. 2007లో జూలియన్ డిబెల్ అనే రచయిత చైనాలోని నాన్‌జింగ్ నగరంలో ఒక చిన్న కార్ఖానాకు వెళ్ళి చూసి 'న్యూయార్క్ టైమ్స్' పత్రికలో రాశాడు. అక్కడి కుర్రాళ్ళు రాత్రికి పన్నెండు గంటల చొప్పున, వారానికి ఏడు రాత్రులూ కంప్యూటర్ల ముందు కూర్చుని ఆటలో బంగారు నాణేలు పోగుచేసేవారు. వంద నాణేలకు పనివాడికి దక్కేది పది యువాన్లు, అంటే సుమారు డాలరుంపావు. గంటకు లెక్క కడితే 30 సెంట్లు. యజమాని వాటిని మూడు డాలర్లకో కొంచెం ఎక్కువకో ఆన్‌లైన్ వ్యాపారికి అమ్మేవాడు. చివరికి అమెరికాలోనో ఐరోపాలోనో ఆడుకునేవాడు వాటికి ఇరవై డాలర్ల దాకా ఇచ్చేవాడు.

ఈ లెక్క చదివినప్పుడు నాకు మన సంతలే గుర్తొచ్చాయి. కొండమీదినుంచి చింతపండు గంపతో దిగిన మనిషికి ఎంత ముడుతుందో, అదే చింతపండు సాలూరు ఘాటీ దిగి విజయనగరం చేరేసరికి ఎంత పలుకుతుందో మనకు తెలియనిది కాదు. సరుకు కంటికి కనిపించినా, కనిపించకపోయినా మధ్యవర్తి ధర్మం ఒక్కటే!

2017 ప్రాంతంలో వెనిజులా దేశంలో ధరలు ఆకాశానికంటి, వాళ్ళ బొలివర్ నోటు చిత్తుకాగితమైపోయినప్పుడు అక్కడి యువకులు 'రూన్‌స్కేప్' అనే ఆటలో బంగారం పోగుచేసి అమ్ముకుని ఇంటికి తిండిగింజలు తెచ్చుకున్నారు. వాళ్ళ దేశపు నోటుకంటే ఆటలోని నాణెమే నమ్మకంగా నిలబడింది. అందుచేత ఇదంతా సోమరుల వ్యాపారమని ఒక్క మాటలో కొట్టిపారేయలేం. చెమట నిజమే. గిట్టుబాటే అనుమానం.

అనుమానం ఎందుకో 2021లో ఫిలిప్పీన్స్ దేశం చూసింది. 'ఆక్సీ ఇన్ఫినిటీ' అనే ఆటలో గెలిచిన టోకెన్లు అమ్ముకుని వేలమంది సంసారాలు నడిపారు. 2021 జూలైలో ఒక్కొక్క టోకెను 35 సెంట్లు దాటి పలికింది. మరుసటి ఏడాది మధ్యకు ఒక సెంటుకు కూడా దిగువకు పడిపోయింది. కొత్తగా చేరేవాళ్ళు పెట్టే డబ్బే పాతవాళ్ళకు ఆదాయమైనప్పుడు, చేరేవాళ్ళు తగ్గినరోజు ఏమవుతుందో చీటీల కంపెనీలను చూసిన మన తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

వచ్చే దారే గాని పోయే దారి లేదు

ఇక మన పిల్లల ఆటల సంగతికి వద్దాం. మన దేశంలో బాగా ఆడే తుపాకీ ఆటల్లో 'బీజీఎంఐ'లో డబ్బును 'యూసీ' అంటారు. 'ఫ్రీ ఫైర్ మాక్స్'లో 'డైమండ్' అంటారు. రూపాయలిచ్చి వీటిని కొనవచ్చు. కొన్నవాటితో బొమ్మకు కొత్త చొక్కా, తుపాకీకి కొత్త రంగు కొనవచ్చు. కాని మిగిలినవి వెనక్కిచ్చి రూపాయలు పుచ్చుకునే ఏర్పాటు లేదు. మా భాషలో చెప్పాలంటే జమ ఉంది గాని ఉపసంహరణ లేదు. పైగా ఇటువంటి కంపెనీల నిబంధనల్లో ఒక మాట సర్వసాధారణంగా ఉంటుంది: ఈ నాణేలు మీ ఆస్తి కావు, వాడుకోవడానికి మేమిచ్చిన అనుమతి మాత్రమే, బయట అమ్మితే ఖాతా మూసేస్తాం అని.

అది ఉత్త బెదిరింపు కాదు. ఇంకో సంగతి చూడండి. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 'పబ్జీ మొబైల్'ను నిషేధించింది. 2022 ఫిబ్రవరిలో 'ఫ్రీ ఫైర్'ను నిషేధించింది. పబ్జీ స్థానంలో 2021 జూలైలో వచ్చిన బీజీఎంఐని కూడా 2022 జూలైలో ఆపించి, 2023 మేలో మళ్ళీ అనుమతించింది. ఆ పది నెలలూ ఆ ఆటలో దాచుకున్నవాటికి కొనేవాడేడీ? గవ్వల కథే మళ్ళీ!

మరి పోయే దారి లేనప్పుడు పిల్లలు ఎలా అమ్ముతున్నారు? దొడ్డిదారిన. ఒకటి, ఏళ్ళ తరబడి ఆడి పెంచిన ఖాతానే పాస్‌వర్డుతో సహా అమ్మేయడం. దీన్ని 'ఐడీ అమ్మడం' అంటారు. రెండు, కొనేవాడి ఆట నెంబరు తీసుకుని అందులో డైమండ్లు వేయించి, అసలు ధరకంటే తక్కువ పుచ్చుకోవడం. వంద రూపాయల సరుకు డెబ్బైకి ఎలా ఇస్తున్నాడని మీరు అడగాలి. ఒక్కో దేశంలో ఒక్కో ధర ఉండడం ఒక కారణం కావచ్చు. కాని చాలాసార్లు ఆ సరుకు దొంగిలించిన కార్డుతో కొన్నదై ఉంటుంది. కార్డు సొంతదారు ఫిర్యాదు చేశాక కంపెనీ డైమండ్లు వెనక్కి లాక్కుంటుంది, లేదా కొన్నవాడి ఖాతా మూసేస్తుంది. అమ్మినవాడు అప్పటికి ఫోను నెంబరు మార్చేసి ఉంటాడు.

ఏడు వేలు వచ్చి, డెబ్బై వేలు బిగిసి

ఇదంతా ఎక్కడో జరిగేదనుకోకండి. మన సంఘానికి ఎప్పుడూ వచ్చే ఒక కుటుంబంలో జరిగింది చెబుతాను. పేర్లు అనవసరం. కుర్రవాడు డిప్లొమా చదువుతున్నాడు, బుద్ధిమంతుడు. రెండేళ్ళు ఆడి పెంచిన తన ఐడీని ఒక అపరిచితుడికి ఏడు వేలకు అమ్మాడు. డబ్బు యూపీఐలో వచ్చింది. వాడు సంతోషించాడు, ఇంట్లో చెల్లెలికి గౌను కూడా కొన్నాడు. అంతకు వారం ముందే తండ్రి అల్లం అమ్మిన సొమ్ము, పైన కొంత అప్పు కలిపి డెబ్బై వేలు కాలేజీ ఫీజుకోసం అదే ఖాతాలో వేశాడు. ఇరవై రోజుల తర్వాత ఫీజు కట్టబోతే ఖాతా కదలలేదు.

జరిగిందేమిటంటే, ఆ ఏడు వేలు కొన్నవాడివి కావు. వేరే రాష్ట్రంలో ఎవరో పెద్దాయన్ని మోసగించి లాగిన సొమ్ములో ఒక పాయ. ఆయన ఫిర్యాదు చేశాడు. పోలీసులు డబ్బు ఏయే ఖాతాల గుండా పారిందో చూసుకుంటూ వచ్చి, మన కుర్రవాడి ఖాతా దగ్గర ఆగారు. దొంగకు కావలసింది ఆట కాదు. దొంగసొమ్మును త్వరగా మరో సరుకుగా మార్చుకోవడం. ఐడీ కొని, దాన్ని ఇంకొకడికి అమ్మేసి, వాడు శుభ్రమైన డబ్బుతో బయటపడ్డాడు. మన వాడి ఖాతా మాత్రం కేసు కాగితాల్లో మిగిలింది.

తండ్రి రాత్రి పూట మా ఇంటికి వచ్చాడు. "బాబూ, మా వాడు దొంగంటారా?" అన్నాడు. కుర్రవాడు తల దించుకుని, "మావయ్యగారూ, నేను రెండేళ్ళు కష్టపడి పెంచుకున్నదే అమ్మాను. ఎవరినీ మోసం చెయ్యలేదు కదా!" అన్నాడు.

వాడి మాటలో అబద్ధం లేదు. కాని తనది కానిదాన్ని అమ్మాడు, ఎవరిదో తెలియని డబ్బు పుచ్చుకున్నాడు. ఈ రెండూ ఒకచోట కలిశాయి. ఇలాంటి సమయంలో చాలామంది బ్యాంకువారిమీద మండిపడతారు. పోలీసులు ఆపమన్న ఖాతాను బ్యాంకు తనంతట తాను విడిపించలేదు. ఒకప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 102వ సెక్షను, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షను పోలీసులకు ఆ అధికారమిచ్చాయి. వాళ్ళు రాతపూర్వకంగా చెప్పాలి, లేదా కోర్టు చెప్పాలి.

కుర్రవాణ్ణి కూర్చోబెట్టి కాగితాలు సిద్ధం చేయించాను. ఐడీ బేరం జరిగిన సందేశాలు, ఆట ఖాతా చేతులు మారిన తేదీ, బ్యాంకు స్టేట్‌మెంటు, డెబ్బై వేలు ఎక్కడివో చూపే అల్లం షావుకారు చీటీ, కాలేజీవారి ఉత్తరం. అన్నీ జతచేసి కేసు దర్యాప్తు చేస్తున్న అధికారికి పంపాం. వివాదంలో ఉన్న ఏడు వేలు మాత్రం ఆపి మిగతాది వదలమని కోరాం. రెండున్నర నెలలు పట్టింది. ఈలోగా ఫీజు గడువు ఆగదు కదా! తల్లి మెడలోని గొలుసు తాకట్టుకు వెళ్ళింది. చివరికి డెబ్బై వేలూ విడుదలయ్యాయి. ఏడు వేలు పోయాయి. గొలుసుమీద వడ్డీ అదనం. చిట్టా ఆవర్జా వేసి చూస్తే రెండేళ్ళ ఆటకు మిగిలింది నష్టమే.

చట్టం ఏమంటోంది?

ఆట నాణెం అమ్మినందుకే జైలు అని చెప్పే చట్టం ఏదీ లేదు. కాని దాని చుట్టూ కంచె బిగుస్తోంది. దక్షిణ కొరియా సుప్రీంకోర్టు ఆట డబ్బు అమ్మిన ఇద్దరిని నిర్దోషులన్నది. చైనా ప్రభుత్వం 2009లో ఆట డబ్బుతో నిజం సరుకులు కొనకూడదన్నది. 'డయాబ్లో 3' ఆట కంపెనీ 2012లో తానే నిజం డబ్బుతో అంగడి పెట్టి, ఆటలో రుచి పోతోందని 2014 మార్చిలో మూసేసింది.

మన దగ్గర చూస్తే, 1955 నాటి ఒడిశా జూద నిరోధక చట్టంలో నైపుణ్యం గల ఆటలకు మినహాయింపు లేదు. అందుకే ఆన్‌లైన్ రమ్మీ ప్రకటనల్లో, ఒడిశావారు ఆడరాదన్న చిన్న అక్షరాలు కనిపించేవి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. ఇక పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టం 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆట నైపుణ్యమైనా, అదృష్టమైనా నిషిద్ధమే. నడిపేవాడికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాడికి శిక్ష లేదు. అందులో 'పందెం' అన్న మాటకు ఇచ్చిన అర్థం గమనించదగ్గది. డబ్బిచ్చి కొన్న నాణేలు, టోకెన్లు, వస్తువులు నిజమైనవైనా ఊహామాత్రమైనవైనా పందెం కిందికే వస్తాయి.

అంటే డైమండ్లతో బొమ్మకు చొక్కా కొంటే ఇబ్బంది లేదు. అదే మన కుర్రాడు ఫోనులో గది తెరిచి, తలకు యాభై రూపాయలు వసూలు చేసి, గెలిచినవాడికి వెయ్యి అని ఆట పెడితే వాడు ఆటగాడు కాదు, ఆట నడిపేవాడు. ఈ తేడా పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

ఇంట్లో మనం చేయగలిగింది

బీకాంలో మర్కంటైల్ లా చదివినవాళ్ళకు 1903 నాటి మొహొరీ బీబీ కేసు గుర్తుండే ఉంటుంది. మైనరుతో చేసుకున్న ఒప్పందం చెల్లదని ప్రీవీ కౌన్సిల్ తీర్పు. ఆ ధైర్యంతో "మా వాడు చిన్నవాడు, డబ్బు తిరిగొస్తుంది" అనుకోకండి. ఫోను మనది, కార్డు మనది, ఓటీపీ మన నెంబరుకే వచ్చింది. 2022 జూన్‌లో హైదరాబాదులో పదహారేళ్ళ కుర్రవాడు ఒక ఆటకోసం తల్లి ఖాతాల్లోనుంచి 36 లక్షలు ఖర్చు చేశాడని పత్రికల్లో వచ్చింది. డబ్బు ఒక్కసారిగా పోలేదు. మొదట వేలల్లో, ఆపైన లక్షల్లో పోయింది. ఎస్సెమ్మెస్‌లు వస్తూనే ఉన్నా చూసేవాళ్ళు లేకపోతే అంతే.

కనుక నా మనవి ఇది. జీతం, ఫీజు, పొదుపు ఉన్న ఖాతాను పిల్లల ఫోనులోని యూపీఐకి కలపకండి. విడిగా చిన్న ఖాతా తెరిచి, వాళ్ళకు అవసరమైనంతే వేయండి. పదేళ్ళు నిండిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు అవకాశమిచ్చింది. బ్యాంకు పెట్టే పరిమితుల్లో అది మంచి బడి. తెలియనివాడినుంచి డబ్బు వస్తే ఖర్చు పెట్టకుండా బ్యాంకులో చెప్పండి. "నీ ఖాతా అద్దెకివ్వు, వెయ్యికి వంద ఇస్తాం" అనేవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకండి. మోసపోతే ఆ గంటలోనే 1930కి ఫోను చేయండి. తెల్లవారనిస్తే డబ్బు పది ఖాతాలు దాటిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, పిల్లవాడు అమ్ముతున్నాడని తెలిసినప్పుడు మొదట కేకలేయకండి. కేకలేస్తే మానడు, దాచుకుంటాడు. పక్కన కూర్చుని లెక్క అడగండి. ఎన్ని గంటలు ఆడావు? ఎంతకు అమ్మావు? కొన్నవాడెవరు? వాడికి ఆ డబ్బు ఎక్కడిది? మొదటి రెండు ప్రశ్నలకు వాడు గర్వంగా జవాబు చెబుతాడు. మూడోదానికి తడుముకుంటాడు. నాలుగోదానికి జవాబుండదు. జవాబు లేదని వాడికే తెలిసేలా చేయడమే మన పని. ఆ కుర్రవాడు ఇప్పుడు సెలవుల్లో తండ్రి అల్లం లెక్కలు కంప్యూటరులో రాస్తున్నాడు. షావుకారు తూకంలో తేడా పట్టుకున్నాడని తండ్రి మొన్న సంబరంగా చెప్పాడు. ఆటలో నేర్చిన చురుకుదనం వృథా పోలేదు. దానికి తగిన బజారు చూపించాల్సింది పెద్దవాళ్ళమే.